ఎయిర్‌పోర్ట్‌లో దిగాక టాక్సీనా, ముందే బుక్ చేసిన కారా? ఇలా తేల్చుకోండి

విమానం టికెట్ కోసం రోజుల తరబడి ధరలు చూస్తాం. హోటల్ కోసం రివ్యూలన్నీ చదువుతాం. ఎయిర్‌పోర్ట్ నుంచి ఆ హోటల్‌కు ఎలా చేరాలన్నది మాత్రం దిగాక చూసుకుందాంలే అని వదిలేస్తాం. తీరా దిగేసరికి ఒళ్ళు అలసిపోయి ఉంటుంది, ఫోన్‌లో సిగ్నల్ ఉండదు, చేతిలో ఆ దేశపు చిల్లర ఉండదు. పక్కన పిల్లలు నిద్రకు తూలుతుంటారు. ఏదైనా నిర్ణయం తీసుకోవడానికి అంత అనువుకాని సమయం ఇంకొకటి ఉండదు. అందుకే బయల్దేరే ముందే, ఇంట్లో స్థిమితంగా కూర్చుని ఈ పని ముగించుకోండి. ఒక పావుగంట చాలు.

చాలామంది టాక్సీని, ప్రైవేట్ ట్రాన్స్‌ఫర్‌ను, అంటే ముందే బుక్ చేసుకునే కారును, ధర ఒక్కటే చూసి పోలుస్తారు. ధర ముఖ్యమే, కానీ అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. టాక్సీ అయితే బండి కోసం మీరు ఆగాలి. ముందే బుక్ చేసిన కారైతే మీ కోసం బండి ఆగుతుంది. ఆ ప్రయాణంలో ఎవరు ఎవరి కోసం ఆగితే మీకు మంచిది? దీనికి జవాబు దొరికితే మిగతా లెక్కలన్నీ తేలిగ్గా తేలతాయి.

1. ముందు అక్కడి టాక్సీల పద్ధతి తెలుసుకోండి

కొన్ని ఊళ్ళలో ఎయిర్‌పోర్ట్ నుంచి నగరంలోకి ఇంత అని ప్రభుత్వమో, నగరపాలక సంస్థో రేటు కట్టేస్తుంది. కొన్ని చోట్ల మీటర్ నడుస్తుంది. ఇంకొన్ని చోట్ల బేరమే. టెర్మినల్ లోపలే కౌంటర్‌లో డబ్బు కట్టి స్లిప్ తీసుకునే ప్రీపెయిడ్ పద్ధతి కూడా ఉంటుంది. మీరు వెళ్ళే చోట ఇందులో ఏది ఉందో ఆ ఎయిర్‌పోర్ట్ అధికారిక వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ప్రయాణికుల రవాణా అనే పేజీ తెరిస్తే చాలు.

రేటు కట్టేసిన ఊరైతే సగం టెన్షన్ పోయినట్టే. పారిస్‌లో షార్ల్ ద గాల్ ఎయిర్‌పోర్ట్ నుంచి నగరంలోకి 2016 నుంచి స్థిర ఛార్జీ అమల్లో ఉంది. సెయిన్ నదికి కుడి ఒడ్డుకు ఒక రేటు, ఎడమ ఒడ్డుకు మరో రేటు. రోమ్‌లో ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్ట్ నుంచి ఆరేలియన్ గోడల లోపలి పాత నగరానికి, మాడ్రిడ్‌లో బరాహాస్ నుంచి ఎం-30 రింగ్ రోడ్డు లోపలికి, న్యూయార్క్‌లో జేఎఫ్‌కే నుంచి మాన్‌హాటన్‌కు కూడా ఇలాంటి స్థిర ఛార్జీలే ఉన్నాయి.

అయితే వీటన్నిటికీ ఒక హద్దు ఉందని గమనించండి. నది, గోడ, రింగ్ రోడ్డు, దీవి. మీ హోటల్ ఆ హద్దుకు ఇవతల ఉందా, అవతల ఉందా అన్నది మ్యాప్‌లో చూసుకోవాలి. జేఎఫ్‌కే నుంచి బ్రూక్లిన్ వెళ్ళేవాళ్ళకు ఆ స్థిర ఛార్జీ వర్తించదు, మీటరే. మాన్‌హాటన్ వెళ్ళేవాళ్ళకు కూడా టోల్, టిప్, రద్దీ వేళల అదనపు ఛార్జీ ఆ రేటులో కలవవు. హద్దు దాటి రెండు వీధులు అవతల హోటల్ తీసుకున్నవాళ్ళు, డ్రైవర్ ఎక్కువ అడిగాడని గొడవ పడుతుంటారు. చాలాసార్లు ఆ డ్రైవర్ తప్పేమీ ఉండదు.

మీటర్ ఉన్న ఊళ్ళో మీటర్ దేనికి తిరుగుతుందో తెలుసుకోవాలి. లండన్ బ్లాక్ క్యాబ్‌లో దూరానికీ, సమయానికీ కలిపి తిరుగుతుంది కాబట్టి ట్రాఫిక్‌లో ఆగినా బిల్లు పెరుగుతూనే ఉంటుంది. సింగపూర్‌లో చాంగీ ఎయిర్‌పోర్ట్ నుంచి ఎక్కితే మీటర్ మీద ఎయిర్‌పోర్ట్ అదనం పడుతుంది. అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున 6 లోపు ఎక్కితే మీటర్ ఛార్జీలో ఇంకో సగం కలుస్తుంది. ఇవన్నీ చట్టబద్ధమైనవే, మోసం కాదు. ముందే తెలిస్తే మనసు కష్టపెట్టుకోవాల్సిన పని ఉండదు.

ఇక అంతా బేరం మీదే నడిచే ఎయిర్‌పోర్ట్ అయితే నా సలహా సూటిగా చెప్తాను. ఆ ఊరికి మొదటిసారి వెళ్తుంటే ముందే కారు బుక్ చేసుకోండి. న్యాయమైన రేటు ఎంతో తెలియకుండా బేరమాడటం కుదరని పని.

2. ఎప్పుడు దిగుతున్నారు, ఎవరితో, ఎన్ని పెట్టెలతో

పగటిపూట, ఒక్కరే, చేతిలో చిన్న బ్యాగుతో దిగుతుంటే టాక్సీ స్టాండ్‌లో పది నిమిషాలు నిలబడటం పెద్ద విషయం కాదు. మంచి స్టాండ్ ఉన్న ఎయిర్‌పోర్ట్‌లో అంతకంటే సులువైన దారి కూడా లేదు. విమానం ఆలస్యమైనా, ముందే దిగినా ఎవరికీ ఫోన్ చేసి చెప్పుకోవాల్సిన పని లేదు.

అర్ధరాత్రి దాటాక పరిస్థితి వేరు. చిన్న ఎయిర్‌పోర్ట్‌లలో ఆ వేళకు స్టాండ్ ఖాళీగా ఉంటుంది. పెద్ద వాటిలో నాలుగైదు విమానాలు ఒకేసారి దిగి క్యూ పొడుగ్గా సాగుతుంది. అప్పుడు మన కోసం ఒక బండి ఆగి ఉండటానికి నిజంగా విలువ ఉంటుంది. హోటల్ ఊరికి దూరంగా ఉన్నా, పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకున్నా ఇదే మాట. చీకట్లో, గేటు నంబర్ లేని ఇల్లు వెతకడం స్టాండ్‌లో దొరికిన డ్రైవర్‌కు కష్టం. ముందే చిరునామా తీసుకున్న కంపెనీ అయితే దారి చూసుకుని వస్తుంది.

చిన్న పిల్లలుంటే దీన్ని ఇంకా జాగ్రత్తగా ఆలోచించండి. బ్రిటన్‌లో టాక్సీలో చైల్డ్ సీటు లేకపోతే, అది లేకుండానే పిల్లల్ని వెనక సీట్లో తీసుకెళ్ళడానికి చట్టం ఒప్పుకుంటుంది. న్యూయార్క్ టాక్సీలకూ ఇలాంటి మినహాయింపు ఉంది. చట్టం ఒప్పుకుంది కదా అని ప్రమాదం తగ్గదు. హైవే మీద ముప్పావుగంట ప్రయాణంలో పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఎంత మాత్రం మంచిది కాదు. ఒక్క ఈ కారణం చాలు, పిల్లలున్నవాళ్ళు ముందే కారు బుక్ చేసుకోవడానికి. బుక్ చేసేటప్పుడు 'చైల్డ్ సీటు కావాలి' అని ఊరుకోకండి. బిడ్డ వయసు, బరువు రాయండి. పసిబిడ్డకు వెనక్కి తిరిగి ఉండే సీటు కావాలి, నాలుగేళ్ళ బిడ్డకు ముందుకు తిరిగి ఉండేది, ఇంకా పెద్ద పిల్లలకు కూర్చునే ఎత్తు పెంచే బూస్టర్ సీటు. ఏదీ రాయకపోతే డిక్కీలో ఏది ఉంటే అది తెస్తారు.

పెద్దవాళ్ళు వస్తుంటే నడక ఎంతో చూడండి. టాక్సీ స్టాండ్ సాధారణంగా టెర్మినల్ తలుపు దగ్గరే ఉంటుంది. ముందే బుక్ చేసిన కార్లను చాలా ఎయిర్‌పోర్ట్‌లు పార్కింగ్ బిల్డింగ్‌లోకి పంపేస్తాయి. అక్కడికి లిఫ్ట్ ఎక్కి, వంతెన దాటి వెళ్ళాల్సి రావచ్చు. డబ్బు ఎక్కువ కట్టాం కదా, సుఖంగా ఉంటుందని అనుకుంటే మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలకు అదే శిక్ష అవుతుంది. చక్రాల కుర్చీ వాడేవాళ్ళయితే, కుర్చీ మడిచి డిక్కీలో పెడతారా, కుర్చీలో కూర్చునే ఎక్కాలా అన్నది స్పష్టంగా చెప్పాలి. లండన్ బ్లాక్ క్యాబ్‌లన్నిటికీ ర్యాంప్ ఉంటుంది, చక్రాల కుర్చీతోనే ఎక్కవచ్చు. మామూలు సెడాన్‌లో అది కుదరదు.

లగేజీ సంగతి. కారు ఫొటో పక్కన నలుగురు మనుషుల బొమ్మ ఉందని నలుగురూ నాలుగు పెద్ద పెట్టెలతో ఎక్కేయలేరు. మామూలు సెడాన్ డిక్కీలో పెద్ద పెట్టెలు రెండు, మహా అయితే మూడు పడతాయి. చెకిన్‌లో వేసే పెట్టెలు, చేతి బ్యాగులు, పిల్లల బండి వేరువేరుగా లెక్కపెట్టి రాయండి. అనుమానంగా ఉంటే ఒక సైజు పెద్ద బండి తీసుకోండి.

3. ఇప్పుడు ధర

రెండు అంకెలు పక్కపక్కన పెట్టే ముందు, రెండూ ఒకే దాని ధరలేనా అని చూసుకోండి. టాక్సీ ఛార్జీ బండికి. కొన్ని ట్రాన్స్‌ఫర్ సైట్లలో మొదట కనిపించే తక్కువ ధర మనిషికి, అది కూడా నలుగురైదుగురు కలిసి వెళ్ళే షేర్డ్ వ్యాన్‌ది. అందులో ముగ్గురిని దింపాక మీ హోటల్ వంతు రావచ్చు. ఒక్కరికి అది లాభమే. కుటుంబానికి మనిషికింత చొప్పున లెక్కేస్తే చాలాసార్లు ఏకంగా టాక్సీయే చవక.

ట్రాన్స్‌ఫర్ ధరలో టోల్, ఎయిర్‌పోర్ట్ పార్కింగ్, రాత్రి వేళ అదనం, చైల్డ్ సీటు కలిశాయా లేదా చూడండి. టాక్సీ వైపు కూడా ఇవే కలిపి చూడండి. అప్పుడు తేడా ఎంతో తెలుస్తుంది. ఆ తేడా దేనికంటే, బండి మీ కోసం ఆగినందుకు. పగటిపూట స్థిర ఛార్జీ ఉన్న ఊళ్ళో ఆ తేడా కట్టడం దండగ అంటాను. రాత్రి ఒంటిగంటకు ఇద్దరు పిల్లలతో తెలియని ఊళ్ళో దిగేటప్పుడైతే వెనకాడకుండా కట్టండి.

4. కారు బుక్ చేస్తుంటే ఫారమ్‌ను ఇలా నింపండి

ట్రాన్స్‌ఫర్‌లు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. డ్రైవర్ చెడ్డవాడై కాదు, ఫారమ్‌లో ఒక గడి తప్పు పడి.

తేదీతో మొదలుపెట్టండి. మీ విమానం 14వ తేదీ రాత్రి 22:30కి బయల్దేరి 00:40కి దిగుతుందనుకోండి. దిగేది 15వ తేదీన. ప్రయాణం 14న కదా అని 14వ తేదీ, 00:40 అని రాస్తే కారు ఒక రోజు ముందే వచ్చి, మీ కోసం ఆగి, వెళ్ళిపోతుంది. మీరు దిగేనాటికి మీ డబ్బూ ఉండదు, బండీ ఉండదు. అర్ధరాత్రికి అటూ ఇటూ దిగే విమానమైతే తేదీని రెండుసార్లు చూసుకోండి. సమయం అక్కడి స్థానిక సమయమే రాయాలి. టికెట్ మీద దిగే సమయం ఎప్పుడూ స్థానికమే ఉంటుంది, దాన్ని మీరు మళ్ళీ లెక్కకట్టి మార్చకండి.

తర్వాత ఫ్లైట్ నంబర్. కంపెనీ మీ విమానం ఆలస్యాన్ని ఈ నంబర్‌తోనే గమనిస్తుంది. మధ్యలో విమానం మారుతుంటే చివరి విమానం నంబర్ ఇవ్వాలి. ఇంటి దగ్గర ఎక్కిన మొదటి విమానం నంబర్ ఇస్తే, అది సమయానికే దిగిందని చూసుకుని డ్రైవర్ సమయానికే వస్తాడు. మీరేమో ఇంకా రెండో విమానంలోనే ఉంటారు. ఒక కంపెనీ టికెట్ మీద ఇంకో కంపెనీ విమానం నడిపే సందర్భంలో టికెట్‌లో రెండు నంబర్లుంటాయి. అప్పుడు విమానం నడిపే కంపెనీ నంబర్ రాయండి.

'విమానం దిగే సమయం' అని అడిగితే టికెట్‌లో ఉన్నదే రాయండి. 'పికప్ సమయం' అని అడిగితే మీరు బయటికి రాగలిగే సమయం రాయండి. ఈ రెండిటినీ కలగాపులగం చేయడం వల్ల వచ్చే తిప్పలు ఎక్కువ. దిగాక బయటికి రావడానికి ఎంత పడుతుందో అంచనా వేసుకోవాలి. దేశంలోపలి విమానం, చేతి బ్యాగు మాత్రమే అయితే ఇరవై నిమిషాలు చాలు. వేరే దేశంలో దిగి, ఇమ్మిగ్రేషన్ క్యూ, బెల్టు మీద పెట్టెలు, కస్టమ్స్ అన్నీ ఉంటే గంట అవుతుంది. రద్దీగా ఉంటే ఇంకా ఎక్కువే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, ఉచితంగా ఎంతసేపు ఆగుతారన్నది. ఎయిర్‌పోర్ట్ పికప్‌లకు చాలా కంపెనీలు 45 నిమిషాలో 60 నిమిషాలో ఇస్తాయి. ఆ లెక్క ఎప్పటి నుంచి మొదలవుతుందో చదవండి. విమానం నిజంగా దిగిన క్షణం నుంచా, టికెట్‌లో రాసిన సమయం నుంచా? మొదటిదైతే మంచిది. రెండోదైతే, విమానం గంట ఆలస్యమైతే మీరు ఇంకా గాల్లో ఉండగానే ఉచిత సమయం అయిపోతుంది. ఇది తెల్లవారుజామున ఎవరూ ఫోన్ ఎత్తని వేళ తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. షరతుల్లో స్పష్టంగా లేకపోతే మెయిల్ పెట్టి అడగండి. జవాబును స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఫోన్ నంబర్ దేశం కోడ్‌తో ఇవ్వండి, వాట్సాప్ ఉన్న నంబరే ఇవ్వండి. ఎయిర్‌పోర్ట్ వైఫై ఉంటుందిలే అనుకోకండి. కొన్ని చోట్ల ఆ వైఫై తెరవడానికే ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ సిగ్నల్ లేని మీ ఫోన్‌కు రాదు. రోమింగో, ఈ-సిమ్మో ముందే పెట్టుకోవడం మేలు. డ్రైవర్ ఎక్కడ నిలబడతాడో, టెర్మినల్ ఏదో, ఆఫీసు ఫోన్ నంబర్ ఏదో ఒక కాగితం మీద రాసుకుని పాస్‌పోర్ట్‌లో పెట్టుకోండి.

చిరునామా పూర్తిగా, పిన్ కోడ్‌తో రాయండి. ఒకే పేరున్న హోటళ్ళు ఒకే ఊళ్ళో నాలుగుంటాయి. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రావడానికి ఎన్ని గంటల ముందు చెప్పాలో, విమానమే రద్దయితే ఏమవుతుందో కూడా చదువుకోండి.

5. దిగాక, టాక్సీ అయితే

బయటికి రాగానే ఎవరో 'టాక్సీ, టాక్సీ' అంటూ వెంటపడతారు. ఎంత మర్యాదగా మాట్లాడినా, మెడలో ఏ కార్డు వేలాడుతున్నా ఆగకండి. లైసెన్స్ ఉన్న డ్రైవర్ తన బండి దగ్గర, స్టాండ్‌లో వరసలో ఉంటాడు. లండన్‌లోనైతే బ్లాక్ క్యాబ్ కాని మామూలు అద్దె కారు ముందస్తు బుకింగ్ లేకుండా ప్రయాణికుల్ని ఎక్కించుకోవడమే చట్టవిరుద్ధం. పైన బోర్డులు చూసుకుంటూ నేరుగా అధికారిక స్టాండ్‌కు నడవండి.

ఎక్కే ముందే చిరునామా చూపించి, మీటరా స్థిర ఛార్జీయా అని అడగండి. కార్డు తీసుకుంటారా అని కూడా అప్పుడే అడగండి. మెషిన్ పని చేయట్లేదన్న మాట పెట్టెలు దించాక వింటే మీకు వేరే దారి ఉండదు, ఎక్కకముందు వింటే వెనక బండి ఎక్కవచ్చు. చిరునామాను అక్కడి భాషలో, అక్కడి లిపిలో ఫోన్‌లో పెట్టుకుంటే మాటలతో పని పడదు. దిగేటప్పుడు రసీదు తీసుకోండి. బండిలో ఏదైనా మర్చిపోతే దాని మీద ఉన్న నంబరే ఆధారం.

6. దిగాక, బుక్ చేసిన కారైతే

విమానం చక్రాలు నేలకు తాకి ఫోన్ ఆన్ చేయగానే డ్రైవర్‌కో, ఆఫీసుకో ఒక మెసేజ్ పెట్టండి. 'దిగాను. ఇమ్మిగ్రేషన్ క్యూలో ఉన్నాను. రెండు పెట్టెలు రావాలి. ఇంకో 40 నిమిషాలు పట్టవచ్చు.' ఇంతే. ఈ నాలుగు వాక్యాలు ఉంటే డ్రైవర్ తొందరపడి వెళ్ళిపోడు. పెట్టె రాకపోతే బయటికి రాకముందే బ్యాగేజీ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించాలి. దానికి ఇంకో అరగంట పట్టవచ్చు కాబట్టి ఆ సంగతి కూడా వెంటనే చెప్పండి.

బోర్డు మీద మీ పేరు చూడగానే వెళ్ళిపోకండి. బోర్డు మీద ఉన్న పేరును ఎవరైనా చదివి, 'మీ కారు నాదే' అనగలరు. ఎక్కడికి వెళ్ళాలో ఆయన్నే చెప్పమనండి. కారు నంబర్ మెసేజ్‌లో వచ్చినదేనా చూడండి. డబ్బు ముందే కట్టేసి ఉంటే, మళ్ళీ ఏమీ కట్టనవసరం లేదన్న రసీదు చేతిలో సిద్ధంగా ఉంచుకోండి.

డ్రైవర్ కనిపించకపోతే? ముందు చెప్పిన చోటే ఉన్నారా, సరైన టెర్మినల్‌లోనే దిగారా చూసుకోండి. ఒకే టెర్మినల్‌కు రెండు మూడు తలుపులుండటం మామూలే. ఆఫీసుకు ఫోన్ చేసి, మెసేజ్ కూడా పెట్టండి. మెసేజ్ మీద పంపిన సమయం నమోదవుతుంది, రేపు డబ్బు వెనక్కి అడగడానికి అదే సాక్ష్యం. పదిహేను, ఇరవై నిమిషాలకు కూడా జవాబు లేకపోతే, మీరు నిలబడిన చోటు బోర్డు కనిపించేలా ఒక ఫొటో తీసి, 'ఎవరూ రాలేదు, టాక్సీలో వెళ్తున్నాను' అని రాసి కదలండి. చెప్పకుండా వెళ్ళిపోతే మీరే రాలేదని రాసుకుంటారు. టాక్సీ రసీదు జాగ్రత్త చేసి, ఆ రోజే కంపెనీకి పంపండి.

యాప్ క్యాబ్‌ల గురించి రెండు మాటలు

ఉబర్ లాంటి యాప్‌లు ఉన్న చోట ఇది మూడో దారి. ధర ముందే కనిపిస్తుంది, బండి నంబర్ తెలుస్తుంది. కానీ డేటా లేకపోతే యాప్ లేనట్టే, విమానాలన్నీ ఒకేసారి దిగిన వేళ ధర ఒక్కసారిగా పెరగవచ్చు. ఎయిర్‌పోర్ట్‌లో వీటికి వేరే పికప్ చోటు ఉంటుంది, ముందే మ్యాప్‌లో చూసుకోండి. చెకిన్ పెట్టె బెల్టు మీదికి వచ్చాకే బుక్ చేయండి, లేదంటే ఆగినందుకు ఛార్జీ పడుతుంది.

తిరుగు ప్రయాణాన్ని విడిగా తేల్చుకోండి

రానూపోనూ కలిపి బుక్ చేస్తే తగ్గింపు ఇస్తామంటారు. తొందరపడకండి. తిరిగి వెళ్ళేటప్పుడు మీరు హోటల్లో ఉంటారు, ఆలస్యమయ్యే విమానమూ లేదు, ఇమ్మిగ్రేషన్ క్యూ కూడా లేదు. బండి మీ కోసం ఆగాల్సిన అవసరం దాదాపు ఉండదు. పగటిపూట విమానమైతే రిసెప్షన్‌లో చెప్పి టాక్సీ పిలిపించుకుంటే సరిపోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలంటే మాత్రం ముందురోజే బండి ఖాయం చేసుకోండి. పడుకునే ముందు డ్రైవర్ నంబర్‌కు ఒకసారి ఫోన్ చేసి, సమయం, చిరునామా, టెర్మినల్ మళ్ళీ చెప్పించుకోండి.